ఎల్‌కేజీ పిల్లలకు రాత ముందా, శబ్దాలతో ఆట ముందా?

ఎంవీపీ కాలనీ అమ్మ:
మా పాపకి నాలుగున్నరేళ్లు. రోజూ రెండు పేజీల ఇంగ్లిష్ అక్షరాలు హోంవర్క్. చెయ్యి నొప్పెడుతోందని ఏడుస్తుంది. ఇప్పుడు రాయకపోతే యూకేజీలో స్పెల్లింగులు రావంటున్నారు మిస్. ఈ వయసులో ఇంత రాత అవసరమా?

గాజువాక నాన్న:
అవసరమేనండీ. మా వాడు రాసి రాసే నేర్చుకున్నాడు. ఒకటో తరగతిలో డిక్టేషన్ పెడితే ఆటలూ పాటలూ అక్కరకు రావు.

సీతమ్మధార టీచర్:
డిక్టేషన్ అంటేనే విన్నది రాయడం కదండీ. మాటలో ఏ శబ్దాలున్నాయో చెవి పట్టుకోకపోతే చెయ్యి ఏం రాస్తుంది? ముత్యాల్లాంటి అక్షరాలు రాసే పిల్లలే నా క్లాసులో 'అక్క'ని 'అక' అని రాసేవారు. వత్తు రాయడం రాక కాదు, అక్కడ 'క'ని ఒత్తి పలుకుతున్నామని గమనించక. చప్పట్లు కొడుతూ 'అక్... క' అని సాగదీసి పలికిస్తే వాళ్లే వత్తు పెట్టేసేవారు.

ఇంగ్లిష్‌తో ఇంకా చిక్కు. 'డబ్ల్యూ' ఎన్ని పేజీలు రాసినా, 'వెట్' అనే మాట దానితో మొదలవుతుందని ఆ పేరు వింటే తెలియదు. పైగా తెలుగు అక్షరంలో హల్లూ అచ్చూ కలిసే ఉంటాయి. 'క్యాట్'లో మూడు శబ్దాలు విడివిడిగా వినడం మన పిల్లలకి ప్రత్యేకంగా అలవాటు చెయ్యాలి.

ఇంగ్లండ్‌లో బ్రాడ్లీ, బ్రయంట్ అనే పరిశోధకులు నాలుగైదేళ్ల పిల్లలకి కొన్ని మాటలు వినిపించి, శబ్దంలో కలవనిది ఏదో చెప్పమన్నారు. అది బాగా చెప్పినవాళ్లే తర్వాత చదవడంలో, స్పెల్లింగులో ముందున్నారని 1983లో ప్రచురించారు. ఆ ఆట సిటీ బస్సులో కూడా ఆడొచ్చు. 'గాజువాక, గోపాలపట్నం, యారాడ: వేరే శబ్దంతో మొదలయ్యేది ఏది?' అని అడగండి.

గాజువాక నాన్న:
అయితే అక్షరాలే నేర్పొద్దంటారా మేడమ్? ఆటలతోనే చదువొచ్చేస్తుందా?

సీతమ్మధార టీచర్:
రాదండీ. అదే పరిశోధనలో, శబ్దాల ఆటకి ప్లాస్టిక్ అక్షరాలు కూడా జతచేసి నేర్పిన పిల్లలే అందరికన్నా మెరుగయ్యారు. అక్షరం చూపించండి, శబ్దం పలికించండి, బీచ్‌కి వెళ్తే ఇసకలో వేలితో దిద్దించండి. ఏడిపించి రాయించే రెండు పేజీలే వద్దంటున్నాను. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఆటలతో నేర్పమనే చెబుతోంది.

గాజువాక నాన్న:
చెవి సంగతి ఒప్పుకుంటాను. కానీ స్కూల్లో నోట్సు చూసే గ్రేడ్ వేస్తారు. నష్టపోయేది పాపే.

ఎంవీపీ కాలనీ అమ్మ:
ఎల్‌కేజీ గ్రేడ్ పోతే పోనివ్వండి. సోమవారం మిస్‌ని కలిసి అర పేజీ చాలని అడుగుతాను. ఒప్పుకోకపోతే మళ్లీ ఇక్కడే రాస్తాను.