పావ్‌వావ్‌కు పాపను తీసుకెళ్తున్నాం, ముందుగా ఏం చెప్పాలి?

మినియాపోలిస్ అమ్మ:
మా పాపకు ఏడేళ్లు. వచ్చే శనివారం దగ్గరలో జరిగే పావ్‌వావ్‌కు, అంటే అమెరికా మూలవాసుల పాటల, నాట్యాల వేడుకకు వెళ్తున్నాం. మొన్న బడి నుంచి కాగితపు ఈకల కిరీటం పెట్టుకొచ్చి, "ఇవి పెట్టుకునేవాళ్లు ఇంకా ఉన్నారా, డైనోసార్లలా పోయారా?" అని అడిగింది. "వాళ్లూ ఇండియన్లే, మనమూ ఇండియన్లమే, మరి చుట్టాలమా?" అని ఇంకొకటి. కొలంబస్ పొరపాటు దాకా చెప్పి ఆగిపోయాను. ఇప్పుడు ఆ కిరీటంతోనే వస్తానని మారాం.

చలిదేశపు నాన్న:
కిరీటం ఇంట్లోనే ఉండాలి, ఇందులో బేరాలు వద్దు. మైదాన ప్రాంతపు తెగల్లో అది గౌరవంగా సంపాదించుకునేది. సైనికుడి పతకాన్ని మనం ఆటకు తగిలించుకుంటామా? వాళ్ల దుస్తులను వేషం అనకూడదు, రెగేలియా అనాలి. ముచ్చటపడి పూసల మీద చెయ్యి వేయనివ్వకండి.

మా వాడికి నేను ముందుగా చెప్పింది జింగిల్ డ్రెస్ కథ ఒక్కటే. 1918 ఇన్‌ఫ్లుయెంజా రోజుల్లో ఓజిబ్వే తెగకు చెందిన ఒక తండ్రి జబ్బుపడిన కూతురి కోసం, కలలో కనిపించిన గౌను కుట్టించాడట. అది తొడుక్కుని అడుగులు వేస్తూ వేస్తూ పిల్ల కోలుకుందట. నశ్యం డబ్బా మూతలను గరాటుల్లా చుట్టి ఆ గౌన్లకు వరసలుగా కుట్టేవారు. పదిమంది ఒక్కసారి అడుగు వేస్తే రేకుల కప్పు మీద వాన కురిసినట్టే. మా వాడు కళ్లు మూసుకుని విన్నాడు.

గ్రాండ్ ఎంట్రీకి, అంటే నాట్యం చేసేవాళ్లంతా వరసగా లోపలికి వచ్చేటప్పుడు, డేగ ఈకల దండం, జెండాలు, మాజీ సైనికులు ముందు వస్తారు. అందరూ లేచి టోపీలు తీయాలి. వ్యాఖ్యాత వద్దన్నప్పుడు ఫోను లోపల పెట్టేయండి. 'ఇంటర్‌ట్రైబల్' అని పిలిస్తే మాత్రం మొహమాటపడకుండా వెళ్లండి, అది అందరూ కలిసి ఆడే నాట్యం. మేం వెళ్లినచోట మన ప్రదక్షిణ దిశలోనే తిరిగారు.

పాత పుస్తకాల బామ్మ:
'రెడ్ ఇండియన్లు' అన్న మాట మనకు తెలుగు పుస్తకాల్లోంచే అలవాటైంది, మనమే వదిలించుకోవాలి. ఓజిబ్వే, డకోటా అని పేరుతో చెప్పండి. ఈ నాట్యాలను 1883లో ప్రభుత్వమే నేరంగా నిషేధించిందనీ, పిల్లలను దూరపు బడులకు పంపి జుట్టు కత్తిరించి, ఇంటి భాష మాట్లాడితే శిక్షించేవారనీ చెప్పండి. ఆదివారం తెలుగు బడికి వెళ్లనని మొండికేసే పిల్లలకు ఇది చప్పున అర్థమవుతుంది.

కొత్త సభ్యుడు:
ఏడేళ్ల పిల్లకు ఇంత బరువైన చరిత్ర ఎందుకండీ? ఆట చూపించి, ఏదైనా తినిపించి తీసుకొస్తే చాలదా?

పాత పుస్తకాల బామ్మ:
తినిపించేదీ చరిత్రే నాయనా. అక్కడ అమ్మే ఫ్రై బ్రెడ్ (నూనెలో వేయించిన రొట్టె) పుట్టింది, సొంత నేల నుంచి తరిమేశాక ప్రభుత్వం రేషనుగా ఇచ్చిన పిండితో, కొవ్వుతో.

మినియాపోలిస్ అమ్మ:
వెళ్లొచ్చాం. ఫ్రై బ్రెడ్ చూసి "పెద్ద పూరీ!" అంది, బామ్మగారు చెప్పినది చెప్పాక నెమ్మదిగా తింది. ఒకే పెద్ద డ్రమ్ము చుట్టూ ఎనిమిది మంది కూర్చుని వాయిస్తూ పాడుతుంటే, "వీళ్లకు స్టేజీ ఎందుకు లేదు?" అని రెండుసార్లు అడిగింది. ఇంటర్‌ట్రైబల్‌లో పక్కన నడుస్తున్న పెద్దావిడను "మీరు ఏ తెగ?" అని అడిగేసింది. నాకు గుండె ఆగినంత పనైంది. ఆవిడ నవ్వి, "ఓజిబ్వే. మరి నువ్వు?" అంటే, ఇది తడుముకోకుండా "తెలుగు" అంది.

వెళ్లేవాళ్లు మడతకుర్చీలు పట్టుకెళ్లండి. మేం గడ్డిలో కూర్చున్నాం.