పాత ల్యాప్‌టాప్‌లో మొదటిసారి లినక్స్: మింట్ మంచిదా, ఉబుంటు మంచిదా?

నమస్కారం. నాది 2015లో కొన్న ల్యాప్‌టాప్. ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, తిరిగే హార్డ్ డిస్క్. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 పెట్టడానికి ఈ ప్రాసెసర్ అర్హత చాలదు. నిక్షేపంలా పనిచేస్తున్న దాన్ని పాత సామాన్లవాడికి ఇవ్వడానికి మనసొప్పడం లేదు.

విండోస్ బదులు వాడుకోగల ఉచిత లినక్స్ వ్యవస్థలు మింట్, ఉబుంటు రెండింటినీ పెన్ డ్రైవ్ నుంచి నడిపి చూశాను. ఉబుంటు అందంగానే ఉంది కానీ మా ముసలిదానికి ఆయాసం వచ్చింది. లినక్స్ మింట్‌లో తేలికపాటి రూపమైన ఎక్స్‌ఎఫ్‌సీఈ హాయిగా నడిచింది, వైఫై కూడా వెంటనే కలిసింది. కాబట్టి మొగ్గు మింట్ వైపే.

అసలు చిక్కు తెలుగు టైపింగ్. నాకు ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక) చాలు. మా నాన్నగారి వేళ్లు మాత్రం ‘ఆపిల్’ అనే తెలుగు కీబోర్డు అమరికకు అలవాటు పడ్డాయి. లినక్స్‌లో వేర్వేరు భాషల టైపింగ్ చూసుకునే ఐబస్‌లో ఆ అమరికను ఎలా చేర్చాలి? యూనికోడ్ కాని అను ఫాంట్లతో ఆయన చేసుకున్న పాత పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే విండోస్ సాఫ్ట్‌వేర్) ఫైళ్లను యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే ప్రామాణిక అక్షరాల్లోకి, తెచ్చే దారి ఉందా? లేక వాటి కోసం విండోస్‌ను కూడా పక్కనే ఉంచాలా? ఉంచాలంటే డిస్కులో దేనికి ఎంత చోటు కేటాయించాలి?

టెర్మినల్ (ఆదేశాలు టైప్ చేసే కిటికీ) అంటే నాకింకా బెదురే. ఆదేశం ఏదైనా రాస్తే, అది ఏం చేస్తుందో ఒక్క ముక్కలో చెప్పండి.