జిమ్నాస్టిక్స్ జట్టులో ఇక 20 మందే: మన పిల్లలకు మేలా, నష్టమా?

బీమ్‌అమ్మ:
మా అమ్మాయి ఇక్కడ అమెరికాలో జిమ్నాస్టిక్స్‌లో లెవెల్ 10 (పై మెట్లలో ఒకటి) చేస్తోంది, హైస్కూల్ రెండో ఏడాది. జూన్ 15 వస్తే కాలేజీ కోచ్‌లు నేరుగా మాట్లాడొచ్చు. ఈలోగా రూల్సే మారాయి. కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ సంస్థ పై శ్రేణి అయిన డివిజన్ 1లో అమ్మాయిల జట్టుకి 12 స్కాలర్‌షిప్‌లు ఉండేవి, జట్టులో ఎంతమందినైనా పెట్టుకునేవారు. 2025 జూన్‌లో హౌస్ కేసు (ఆటగాళ్ళకి డబ్బు విషయమై ఎన్‌సీఏఏ మీద వేసిన దావా) ఒప్పందాన్ని జడ్జి క్లాడియా విల్కెన్ ఆమోదించాక, అందులో చేరిన కాలేజీల్లో ఆ 12 పరిమితి పోయింది. బదులుగా జట్టు 20 మందికి మించకూడదు. ఇది మంచిదేనంటారా? నాకైతే భయంగా ఉంది.

వాల్ట్‌రావు:
మంచిదేనండీ. పాత లెక్కలో ఒక అమ్మాయికి సగం ఫీజు ఇచ్చినా 12లో ఒకటి అయిపోయినట్టే. అందుకే ఇస్తే మొత్తం, లేదంటే సున్నా. పదమూడో అమ్మాయి అన్నే గంటలు చెమటోడ్చి, ఫీజు ఇంటి నుంచి కట్టుకునేది. ఇప్పుడు 20 మందికీ ఇవ్వొచ్చు. మీట్‌లో, అంటే పోటీలో, ఒక్కో ఈవెంట్‌కి ఆరుగురే దిగుతారు, ఐదు స్కోర్లే లెక్క. నాలుగు ఈవెంట్లకీ కలిపి 24 రొటీన్లు (ప్రదర్శనలు). 20 మంది చాలరా?

చాక్‌పొడి:
రావు గారూ, "ఇవ్వొచ్చు" అన్నారు చూడండి, చిక్కంతా అక్కడే. ఇచ్చి తీరాలని ఎక్కడా లేదు. ఈ ఒప్పందం ప్రకారం కాలేజీ తన ఆటగాళ్ళకి నేరుగా పంచగలిగే సొమ్ము మొదటి ఏడాదికి సుమారు 2.05 కోట్ల డాలర్లు. కొత్తగా పెంచే స్కాలర్‌షిప్‌లు కూడా 25 లక్షల డాలర్ల దాకా అందులోంచే తీస్తారు. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ పట్టుకుపోగా జిమ్నాస్టిక్స్‌కి మరో ఎనిమిది ఎవరిస్తారు? ఆ పన్నెండింటి డబ్బునే ఇరవై ముక్కలు చేసినా అడ్డుచెప్పే రూల్ లేదు.

24 రొటీన్ల లెక్క కాగితం మీద సరిపోతుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఇంచుమించు వారానికో మీట్. మడమ దగ్గరి అకిలిస్ తెగి ఒకరు, మోకాలు దెబ్బతిని ఒకరు ఆగిపోతే, ఆ ఖాళీలో దిగేది స్కాలర్‌షిప్ లేని వాక్-ఆన్ పిల్లలే. మొదటి రెండేళ్ళూ లైనప్‌కి దూరంగా ఉండి, మూడో ఏడాది బీమ్ (సన్నని దూలం) మీద నిలదొక్కుకునే అమ్మాయికి ఆ వ్యవధి ఇచ్చేది పెద్ద జట్టే. విల్కెన్ కూడా 2025 ఏప్రిల్‌లో సరిగ్గా ఈ విషయంలోనే ఒప్పందాన్ని ఆపారు. చోటు పోయిన పాత పిల్లల్ని లెక్కలోంచి మినహాయించాకే ఒప్పుకున్నారు. రేపు చేరబోయే మన పిల్లలకి ఆ మినహాయింపు లేదు.

రింగ్స్‌నాన్న:
మగపిల్లలకి మొదటి నుంచీ 6.3 స్కాలర్‌షిప్‌లే, జట్టంతా పంచుకునేవారు. ముక్కలు మాకు అలవాటే. ఇప్పుడు వాళ్ళకీ 20 మందే.

వాల్ట్‌రావు:
మూడో ఏడాది అమ్మాయి మాట కాదనలేను. అయినా నాలుగేళ్ళు సొంత ఖర్చుతో, ఒక్క మీట్ కూడా ఆడకుండా గడిపే పిల్లల బాధ కూడా చూడాలి కదండీ. చదువు ముందనుకుంటే బ్రౌన్, కార్నెల్, పెన్, యేల్ ఉన్నాయి. అవి ఉన్న ఐవీ లీగ్ ఈ ఒప్పందంలో చేరలేదు. అక్కడ ఆటకి స్కాలర్‌షిప్ ఇవ్వరు, ఇంటి ఆదాయాన్ని బట్టే సాయం.

బీమ్‌అమ్మ:
అయితే మొదటి ఫోన్‌లోనే అడుగుతాను: ఒప్పందంలో చేరారా, 20లో ఎందరికి పూర్తిగా ఇస్తున్నారు, గాయపడితే మరుసటి ఏడాది చోటు ఉంటుందా అని.

చాక్‌పొడి:
డబ్బు ఎంత, ఎన్నేళ్ళకి అన్నది రాతలో తీసుకోండమ్మా. ఫలానా కాలేజీలో చేరతానని సంతకం చేసే నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ 2024 అక్టోబర్‌లోనే రద్దయింది. ఇప్పుడు కాలేజీ ఇచ్చే ఆఫర్ కాగితమే ఆధారం, అందులో లేని మాటకి పట్టు ఉండదు.