కెంపుల హారం: ల్యాబ్ రాయా, గని రాయా?

నల్లకుంట నాగమణి (ప్రశ్న)

పెళ్లిళ్ల ముందు పంజాగుట్ట, బషీర్‌బాగ్ షోరూముల్లో ఒకటే డిజైన్, ఒకటే సైజు రాళ్లు, హారానికి మాత్రం రెండు ధరలు చెబుతున్నారు. తక్కువదానికి ‘ల్యాబ్ కెంపు’ అని చీటీ, ఎక్కువదానికి ‘న్యాచురల్’ అని చీటీ. ల్యాబ్‌ది వట్టి నకిలీ అని కొందరు, గనిది కొనడం డబ్బు తగలేయడమే అని కొందరు. రాళ్ల సంగతి తెలిసినవాళ్లు లెక్కలతో చెప్పండి. జాతకం, గ్రహబలం ఇక్కడ వద్దు. అది మొదలైతే తెల్లారదు.

పది రెట్ల లూప్

ముందు ‘నకిలీ’ అనే మాట దగ్గర ఆగుదాం. ఎర్ర గాజు నకిలీ. వజ్రం పేరుతో అమ్మే సీజెడ్ (క్యూబిక్ జిర్కోనియా అనే వేరే రాయి) నకిలీ. వాటి పదార్థమే వేరు. ల్యాబ్ కెంపు పదార్థం కెంపే: అల్యూమినియం ఆక్సైడ్, రంగు కోసం చిటికెడు క్రోమియం. కాఠిన్యం 9, సాంద్రత 4.00, వక్రీభవన గుణకం (రాయి కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె) 1.762 నుంచి 1.770. ఆ గుణకాన్ని కొలిచే రిఫ్రాక్టోమీటర్ మీద గని కెంపును పెట్టినా, ల్యాబ్ కెంపును పెట్టినా అవే అంకెలు చూపిస్తుంది. అందుకే కౌంటర్ మీద ఆ పరికరంతో ‘చూడండి, ఒరిజినల్’ అని చూపిస్తే నమ్మేయకండి. అది గాజు కాదని మాత్రమే రుజువైంది.

ఇది కొత్త వింత కూడా కాదు. వెర్నూయ్ అనే ఫ్రెంచి ఆయన 1902లో ఈ పద్ధతిని ప్రకటించాడు. అల్యూమినా పొడిని ఆక్సిజన్, హైడ్రోజన్ మంటలోంచి కిందికి రాలుస్తారు. అది 2,000 డిగ్రీలు దాటిన వేడిలో కరిగి, కింద తిరుగుతున్న కడ్డీ మీద బొట్టు బొట్టుగా పేరుకుంటుంది. కొన్ని గంటల్లో బొటనవేలంత ముద్ద తయారు. లోపల ఒత్తిడి ఎక్కువ కాబట్టి దాన్ని నిలువునా రెండుగా పగలనిచ్చి, ఆ తర్వాత సానపడతారు. పాత చేతి గడియారాల మీద ‘17 జ్యువెల్స్’ అని ఉండేది చూడండి, అవి ఈ రాళ్లే. నాట్యం సెట్లలో ‘కెంపులు’ అని పిలిచేవాటిలో గాజు కానివి చాలావరకు ఇవే. తరాలుగా వేసుకుంటూనే ఉన్నాం.

కార్వాన్ రవ్వ

లూప్ గారూ, పదార్థం ఒకటేనని ఒప్పుకున్నా. కానీ రాయికి ధర పదార్థం వల్ల వస్తుందా? దొరక్కపోవడం వల్ల వస్తుంది. గంటల్లో ముద్ద తయారయ్యే సరుకుకు ధర ఎక్కడ నిలుస్తుంది?

వజ్రాల సంగతే చూడండి. గని వజ్రాల పెద్ద కంపెనీ డీబీర్స్ వాళ్లు 2018లో లైట్‌బాక్స్ పేరుతో ల్యాబ్ వజ్రాలు క్యారట్ 800 డాలర్లకు మొదలుపెట్టారు. ధరలు పడిపోయి పడిపోయి, 2025లో ఆ బ్రాండునే మూసేస్తున్నట్టు చెప్పారు. అదే ఏడాది అక్టోబర్ నుంచి జీఐఏ (రాళ్లు పరీక్షించి రిపోర్టు ఇచ్చే అమెరికా సంస్థ) ల్యాబ్ వజ్రాలకు రంగు, శుభ్రత అక్షరాల గ్రేడులు ఇవ్వడం మానేసి ‘ప్రీమియం’, ‘స్టాండర్డ్’ అని రెండే మాటలు పెట్టింది. డీ రంగు (అసలు రంగు లేనిది), వీవీఎస్ (లోపాలు దాదాపు లేనిది) అని గొప్పగా చెప్పుకున్నవాళ్ల చేతిలో ఇప్పుడు ఏముంది? గోల్కొండ వజ్రం అంటే ప్రపంచం లేచి నిలబడేది ఊరికే కాదు. కృష్ణ ఒడ్డున కొల్లూరు లాంటి గనులు ఖాళీ అయ్యాయి, మళ్లీ పుట్టవు. అదీ విలువ.

పది రెట్ల లూప్

గోల్కొండ పేరెత్తారు కాబట్టి ఒక తమాషా. పేరున్న గోల్కొండ రాళ్లు చాలావరకు టైప్ 2ఏ, అంటే నైట్రోజన్ దాదాపు లేనివి. కోహినూర్ కూడా అంతే. గనిలో దొరికే వజ్రాల్లో ఆ రకం నూటికి ఒకటో రెండో. సూరత్‌లో మీథేన్, హైడ్రోజన్ వాయువులను మైక్రోవేవ్‌తో ప్లాస్మా చేసి పెంచే సీవీడీ వజ్రాలు కూడా టైప్ 2ఏనే. రసాయనం ప్రకారం కొల్లూరు రాయికి దగ్గరి చుట్టం గనిలోంచి వచ్చే మామూలు వజ్రం కన్నా సూరత్ రాయే!

ల్యాబ్ వజ్రాలను ఏరే స్క్రీనింగ్ యంత్రం పనిచేసేది ఈ తేడా మీదే. మామూలు గని వజ్రం షార్ట్‌వేవ్ అతినీలలోహిత కాంతిని మింగేస్తుంది, టైప్ 2 దాన్ని అవతలికి వదిలేస్తుంది. వదిలేసిన రాయిని పక్కనపెట్టి పెద్ద పరీక్షకు పంపుతారు. పెన్ను లాంటి థర్మల్ టెస్టర్ మాత్రం ల్యాబ్ వజ్రాన్నీ ‘డైమండ్’ అనే కూస్తుంది. అది తప్పు చెప్పడం లేదు, మనమే తప్పు ప్రశ్న అడుగుతున్నాం. ఆవిరి ఊదడం, పేపర్ మీద పెట్టి అక్షరాలు చదవడం, కెంపును పాలలో వేయడం... వీటిని ఇక వదిలేయండి.

కుందన్ కొలిమి

మీరిద్దరు వజ్రాల కాడికి పోయిన్రు, అక్క అడిగింది కెంపు గురించి. కార్ఖానా బల్ల మీద ఏమైతదో చెప్త వినున్రి.

‘న్యాచురల్’ అని చీటీ ఉన్నంత మాత్రాన అది మంచి రాయని అనుకోవద్దు. 2004 ప్రాంతంల నుంచి బజార్ల ఒక సరుకు పడ్డది. గని నుంచి వచ్చిన నాసిరకం కెంపు, నిండ పగుళ్లు. యాసిడ్ల కడిగి, ఆ పగుళ్లల్ల సీసం గాజు కరిగిచ్చి నింపుతరు. ఆ గాజు మెరుపు కెంపు మెరుపుకు దగ్గర ఉంటది, పగుళ్లు మాయమైతయి. దాన్ని సుత ‘న్యాచురల్ రూబీ’ అనే అమ్ముతరు. అబద్ధం కాదు, నిజం సుత కాదు.

ఉంగరం సైజు పెంచనీకి రాయి ఉండంగనే మంట పెడితే ఆ గాజు ఉడికి, రాయి మీద గుంతలు లేస్తయి. టాంకా (అతుకు) పెట్టినంక నగను యాసిడ్ నీళ్లల్ల ముంచుతం గదా, అండ్ల సుత పగుళ్ల కాడ గాజు తినుకపోయి తెల్ల గీతలు తేలుతయి. ఇంట్ల నిమ్మరసంతోని రుద్దినా కరాబే. గదే ల్యాబ్ కెంపైతే మంటకు ఆగుతది. జర జాగ్రత్త, అతుకు కాడ ఏసే వెలిగారం మాత్రం రాయికి అంటొద్దు. అది అంటుకొని వేడెక్కితే అసలు కెంపైనా, ల్యాబ్ కెంపైనా పైన పాలిష్ పోతది.

గందుకే నా లెక్కల, గాజు నింపిన గని కెంపు కన్న ల్యాబ్ కెంపు వంద రెట్లు నయం. అసలు లడాయి ల్యాబుకూ గనికీ కాదు.

కార్వాన్ రవ్వ

కొలిమి అన్నా, గాజు నింపిన రాయిని నేను వెనకేసుకు రావడం లేదు. నేననేది వేడి తప్ప ఇంకేమీ చేయని గని కెంపు గురించి. ఆ వేడి చేసే వాడుక శతాబ్దాల నాటిది, బజారు దాన్ని ఒప్పుకుంది. వేడి కూడా తగలనిదైతే ధర ఇంకా పైన. ఆ రాయినీ వెర్నూయ్ ముద్దనూ ఒకే త్రాసులో పెట్టొద్దంటున్నా.

నల్లకుంట నాగమణి

త్రాసు సంగతి సరే, మూడింటినీ కంటితో ఎలా విడదీస్తారు? గనిది, ల్యాబ్‌ది, గాజు నింపినది.

పది రెట్ల లూప్

పది రెట్ల లూప్ (రాళ్లు చూసే చిన్న భూతద్దం), చిన్న టార్చి, తెల్ల టిష్యూ కాగితం ఉంటే కొంతవరకు చూడొచ్చు. రాయి విడిగా ఉండాలి, లేదా వెనక తెరిచిన సెట్టింగ్ అయి ఉండాలి. టార్చిని రాయి వెనక నుంచి, టిష్యూ అడ్డం పెట్టి వెలిగించండి.

వెర్నూయ్ రాయిలో గ్రామఫోన్ రికార్డు మీద గీతల్లాగా వంపు గీతలు ఉంటాయి. ముద్ద గుండ్రంగా పేరుకుంది కదా, ఆ వంపు అది. ఒకే కోణంలో కనిపించవు, రాయిని నెమ్మదిగా తిప్పుతూ పోవాలి. చిన్న గిన్నెలో నీళ్లు పోసి రాయిని ముంచితే పై మెరుపు తగ్గి తేలిగ్గా కనిపిస్తాయి. గుండ్రటి గాలి బుడగలు కూడా గుర్తే. గని రాయిలో రంగు పట్టీలు తిన్నగా, మూలలు తిరిగి ఉంటాయి. వంపు ఉండదు. సన్నటి సూదులు ఒకదాన్నొకటి కోస్తూ పట్టుదారంలా మెరిస్తే మంచి గుర్తు, కానీ వేడి చేసిన రాయిలో అవి కరిగిపోయి ఉండొచ్చు.

గాజు నింపినదాన్ని దీపం కింద అటూ ఇటూ ఊపండి. పగులు వెంట ఒక్క క్షణం నీలి తళుకు వెళ్లిపోతుంది. చూసినవాళ్లు మర్చిపోరు. ఆ పగులులోనే చపాతీలా అణిగిన బుడగలు ఉంటాయి.

ఇబ్బంది పెట్టేది ఫ్లక్స్ పద్ధతి. కరిగిన లవణాల మూసలో నెలల తరబడి పెంచుతారు, వంపు గీతలు ఉండవు, లోపలి ఫ్లక్స్ తెరలు గని రాయిలోని వేలిముద్ర గుర్తుల్లాగే ఉంటాయి. దాన్ని లూప్‌తో తేల్చేస్తానన్న మనిషిని నమ్మకండి, ల్యాబు రిపోర్టే శరణ్యం. యూవీ టార్చి కింద ఎర్రగా మండితే బర్మా కెంపు అనే మాట కూడా సగమే నిజం. వెర్నూయ్ కెంపు కూడా అలాగే మండుతుంది.

పచ్చకైతే దారి వేరు. ఫ్లక్స్ పచ్చ గుణకం 1.56 దగ్గర, గని పచ్చ 1.58 దగ్గర ఉండటం మామూలు, అక్కడ రిఫ్రాక్టోమీటర్ నిజంగా పనికొస్తుంది. హైడ్రోథర్మల్ పచ్చ (ఒత్తిడిలో ఉంచిన వేడి నీటి ద్రావణంలో పెంచినది) అంకెల్లో దొరకదు, లోపల రంపపు పళ్లలాంటి అలలు వెతకాలి. కొలంబియా గని పచ్చలో కనిపించే అందం ఇంకోటి: సన్నని గదిలో ద్రవం, అందులో ఒక గాలి బుడగ, పక్కనే బుల్లి ఉప్పు పలుకు. మూడూ ఒకే గదిలో.

కుందన్ కొలిమి

పచ్చకు ఒక మాట కలుపుత. గని పచ్చల దాదాపు అన్నింటికీ నూనె పట్టిచ్చే ఉంటరు. అల్ట్రాసోనిక్ మిషన్ల ఏస్తే నూనె బయటికొచ్చి పగుళ్లు తెల్లగ తేలుతయి, ‘మా రాయి మార్చిన్రు’ అని లొల్లి. రాయి మారలే, నూనె పోయింది. గోరువెచ్చని సబ్బు నీళ్లు, మెత్తటి బ్రష్ చాలు.

ఇగ పెళ్లి సెట్లల్ల పెద్ద తిరకాసు కుందన్. రాయి కింద రేకు, ఎనక బంగారం మూత, లోపల లక్క. ఎలుగు ఎనక నుంచి పోదు, లూప్ గారి టార్చి పనిజెయ్యదు. పోల్కీల (సానపట్టని వజ్రం పలకల నగలల్ల) కూడా సీవీడీ పలకలు కోసి పెడుతున్నరు, పైన చూస్తే ఎవ్వనికీ తెల్వది. తెల్సుకోవాలంటే బిగియ్యక ముందే చూడాలె. బిగిచ్చినంక తీస్తే పని మళ్ల మొదటికొస్తది.

బిల్లు చూసుకోండి

వాదన బాగుంది గానీ డబ్బు పోయేది బిల్లు దగ్గర. హాల్‌మార్క్, నగ మీద అంకెలు, అక్షరాలు కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ గుర్తింపు నంబరు బంగారం స్వచ్ఛతకే. రాయి గురించి అది ఒక్క ముక్క కూడా చెప్పదు. ‘హాల్‌మార్క్ ఉంది కాబట్టి రాళ్లు ఒరిజినల్’ అనే మాట తరచూ వినిపిస్తుంది, అర్థం లేనిది.

బిల్లులో మొత్తం బరువు, నికర బంగారం బరువు, రాళ్ల బరువు విడివిడిగా ఉండాలి. 1 క్యారట్ అంటే 0.2 గ్రాములు. ఉదాహరణకు 62 గ్రాముల హారంలో 40 క్యారట్ల రాళ్లుంటే 8 గ్రాములు తీసేయాలి, లక్క ఉంటే అదీ తీసేయాలి. తరుగు శాతం మొత్తం బరువు మీద వేస్తున్నారా, నికర బంగారం మీదా అని అక్కడే అడగండి. రాయి ఖరీదు చవకదైనా బంగారం రేటుకు తూగితే నష్టం మీదే.

రాయి వివరం పూర్తిగా రాయించుకోండి: ‘సహజ కెంపు, వేడి చేసినది, గాజు నింపలేదు’ అనో, ‘ల్యాబ్‌లో పెంచిన కెంపు’ అనో. ఉత్త ‘రూబీ’ అని రాస్తే రేపు ఏదైనా అనొచ్చు. బైబ్యాక్ శాతం రాళ్లకు ఎంత, బంగారానికి ఎంత అని విడిగా అడగండి. ల్యాబ్ రాళ్లకు సున్నా అంటే ఆ సున్నా కూడా బిల్లు మీద ఉండాలి.

రిపోర్టు ఉంటే రాయి బరువు, మిల్లీమీటర్ కొలతలు సరిపోల్చండి. వజ్రం అంచు మీద లేజర్ నంబర్ ఉందని సంబరపడకండి. గని రాయి నంబరును ల్యాబ్ రాయి మీద చెక్కిన మోసాలు బయటపడ్డాయి. రెండో దశాంశం దాకా కొలతలు కలిస్తేనే ఆ నంబరుకు అర్థం.

పత్తర్‌గట్టి ముత్యం

కార్వాన్ గారికి ఒక చిన్న ప్రశ్న. చార్మినార్ దగ్గర సంచుల కొద్దీ కొనే ముత్యాలు దాదాపు అన్నీ పెంపకం ముత్యాలే. మంచినీటి ఆల్చిప్పలో కణజాలం ముక్కలు పెట్టి, ఒక్కోదానిలో పాతిక ముప్పై ముత్యాలు పండిస్తారు. హైదరాబాద్ ముత్యాలు అని ఊరు పేరు పెట్టుకున్నాం కానీ, అవి పెరిగేది చైనా చెరువుల్లో. పెంపకందని ఎవరూ ముఖం తిప్పుకోలేదే? కెంపుకు మాత్రం ఎందుకీ మడి?

కార్వాన్ రవ్వ

మంచి దెబ్బే కొట్టారు. అయినా ఆల్చిప్ప ప్రాణి. ఏళ్లు పడుతుంది, రోగం వస్తే చస్తుంది, అన్నీ గుండ్రంగా రావు. మంటలో పెంచిన కెంపుకు ఆ బాధ లేదు. పైగా మీ ఉదాహరణే నా మాటకు సాక్ష్యం: పెంపకం వచ్చాక ముత్యాల ధర ఏమైంది? గల్ఫ్ సముద్రంలో సహజంగా దొరికిన పాత బస్రా ముత్యాల దండకున్న వెల, మీరు సంచుల్లో అమ్మే దండకు ఉందా?

పత్తర్‌గట్టి ముత్యం

లేదు. కానీ ఆ ధర పడిపోవడం వల్లే మామూలు ఇంటి పిల్ల మెడలో ముత్యాల దండ పడింది.

నల్లకుంట నాగమణి

ల్యాబ్ రాయి పర్యావరణానికి మంచిదని షోరూములో బోర్డు పెట్టారు. అదైనా నిజమా?

పది రెట్ల లూప్

కరెంటు ఎక్కడిదో చెప్పకుండా ఆ బోర్డు చదవకండి. వజ్రం పెంచే రియాక్టర్ వారాల తరబడి ఆపకుండా నడవాలి, మన గ్రిడ్‌లో ఎక్కువ భాగం బొగ్గే. సౌర విద్యుత్తుతో నడిపితే లెక్క మారుతుంది. గని వైపు తవ్వకం, నీళ్లు, పనివాళ్ల బతుకు ఉన్నాయి, అక్కడా గనికీ గనికీ పోలిక లేదు. ఏ వైపైనా పత్రం చూపించమనండి.

హారం విషయానికొస్తే, వరస నిండా ఒకే రంగు, ఒకే సైజు కెంపులు కావాలంటే నా ఓటు ల్యాబ్‌కే. గని రాళ్లలో నలభై కలిసేలా ఏరడం చాలా ఖర్చు, ఆ ఖర్చు తప్పించడానికే గాజు నింపినవి దూరుస్తారు.

కార్వాన్ రవ్వ

హారం నిండా ల్యాబ్ పెట్టుకోండి, కాదనను. మధ్య పతకంలో మాత్రం ఒక్కటైనా గని కెంపు ఉండాలి. రిపోర్టుతో.

కుందన్ కొలిమి

అట్ల కలిపి చేపిస్తే, పతకం ఎనక మూత పెట్టొద్దని ముందే చెప్పు అక్కా, జాలీ పెట్టమను. రేపు ఎవలకన్న చూపియ్యాల్నంటే టార్చి పట్టనీకి తొవ్వ ఉంటది.