అప్‌డేట్: అమ్మతో ఫ్రిహిలియానా వెళ్లొచ్చాం

మోకాళ్ల నొప్పులున్న అమ్మతో స్పెయిన్‌లోని మాలగా నుంచి ఒక్కరోజులో, కారు లేకుండా, ఈ తెల్ల సున్నపు కొండ ఊరు చూసి రావచ్చా అని అడిగాను కదా. వెళ్లొచ్చాం. నెర్హా దాకా ఒక బస్సు, అక్కడ మారి కొండెక్కే బస్సు. పాత మోరిస్కో (క్రైస్తవంలోకి మార్చబడిన ముస్లింల) పేట అంతా మెట్లే. గోడల మీది పింగాణీ పలకలు 1569 నాటి మోరిస్కోల యుద్ధం కథ చెబుతాయి. అవి చూసే వంకతో ఆగి ఆగి ఎక్కాం. సగంలో అమ్మ "మీరెళ్లి రండిరా" అని కూర్చుంది. పైన కోటలో మిగిలిందీ తక్కువే, ఆమె పోగొట్టుకున్నదేమీ లేదు.

అసలు విశేషం భోజనం. వంకాయ వేపుడు మీద చెరకు పాకం! ఆ పాకం ఊళ్లోనే ఎల్ ఇన్హెనియో అనే పాత భవనంలో కాస్తారు. అమ్మ మొదట మొహం చిట్లించింది, తర్వాత ఒక సీసా కొనిపించింది. తిరుగు బస్సు టైము మాత్రం ముందే చూసుకోండి.