జీన్ సిగ్నేచర్‌ని తెలుగులో ఏమనాలి? "జన్యు సంతకం" మీద నా అభ్యంతరం

"సర్వైకల్ (గర్భాశయ ముఖద్వార) క్యాన్సర్‌లో జీన్ సిగ్నేచర్ల ద్వారా ఫలితాలను ప్రిడిక్ట్ చేయడం" అన్న మాటకు మన గ్రూపులో తెలుగు అడిగితే, ఎక్కువమంది "జన్యు సంతకం" అన్నారు. కొందరు "జన్యు వేలిముద్ర" అన్నారు. నాకు రెండూ కుదిరినట్టు లేవు.

సంతకం ఎవరిదో తెలియడానికి పనికొస్తుంది. వేలిముద్రా అంతే. పైగా హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో శాస్త్రవేత్త లాల్జీ సింగ్ బృందం డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ మీద పనిచేసినప్పటి నుంచి ఆ మాటకు మన దగ్గర ఒక అర్థం స్థిరపడిపోయింది: బిడ్డకు తండ్రెవరు, ఈ రక్తపు మరక ఎవరిది అని తేల్చే పరీక్ష. మనకు కావలసిందేమో, జబ్బు ఎటు పోతుందన్నది.

అసలు చేసేదేమిటంటే, బయాప్సీలో తీసిన కణితి ముక్కలో ఏ జన్యువు ఎంత చురుగ్గా ఉందో, అంటే దాని ఆర్‌ఎన్‌ఏ (జన్యువు పనిచేసేటప్పుడు తయారయ్యే దాని నకలు) ఎంత ఉందో కొలుస్తారు. ఐదో పదో జన్యువులను ఎంచుకుని, ఒక్కోదానికి ఇంత వెయిటేజీ అని గుణించి కూడితే ఒక స్కోరు వస్తుంది. అది గీత దాటితే హై రిస్క్. కొన్ని జన్యువులు హెచ్చి, కొన్ని తగ్గి, అన్నీ కలిసి కనబడే తీరే సిగ్నేచర్. కనుక నా ఓటు "జన్యు సరళి"కి.

ఓస్లో పరిశోధకులు 2016లో ప్రకటించిన 6 జన్యువుల సరళినే చూడండి. ఎంఆర్‌ఐ ద్వారా ఆక్సిజన్ చాలని కణితులేవో చూసి, వాటిలో ఏ జన్యువులు హెచ్చుతున్నాయో పట్టుకున్నారు. ఆక్సిజన్ తక్కువైన చోట రేడియేషన్ సరిగా పనిచేయదు. అలాంటి కణితులున్నవారికి కీమో, రేడియేషన్ కలిపి ఇచ్చినా జబ్బు తిరగబెట్టే భయం ఎక్కువ. దీన్ని "సంతకం" అంటే ఈ సంగతి ఒక్క ముక్కైనా తెలుస్తుందా?

ఒక సభ్యురాలు: మరి ప్రిడిక్ట్‌కి "జోస్యం" అనకూడదా అండీ? ప్రోగ్నోసిస్‌కి, అంటే జబ్బు ఎలా నడుస్తుందన్నదానికి, ఆయుర్వేదంలో మాట లేదా?

ఉందండీ, సాధ్యాసాధ్యత. సుఖసాధ్యం (తేలిగ్గా నయమయ్యేది), కృచ్ఛ్రసాధ్యం (కష్టంగా నయమయ్యేది), యాప్యం (నయం కాకున్నా అదుపులో ఉంచగలిగేది), అసాధ్యం (నయం కానిది) అని విభాగాలు కూడా ఉన్నాయి. చక్కటి మాటలే. కానీ గర్భసంచి ముఖం దగ్గర గడ్డ ఉందని విని ఓపీలో కూర్చున్న ఆవిడ చేతి కాగితంలో "అసాధ్యం" అని ఉండటం నేను ఊహించలేను. "రోగగతి" చాలు. "జోస్యం" మాత్రం వద్దు. స్కోరు చెప్పేది ఒక గుంపులో ఎంతమందికి తిరగబెట్టవచ్చన్న సంగతి. ఈవిడకి ఏమవుతుందో ఖాయంగా చెప్పదు. "అంచనా" అనండి.

ఇంకో చిక్కు. ఏ చికిత్స ఇచ్చినా జబ్బు ఎలా నడుస్తుందో చెప్పేది ఒకటి, ఫలానా మందు పనిచేస్తుందా అని చెప్పేది ఇంకొకటి. డాక్టర్లు రెంటికీ వేరే మాటలు వాడతారు. మనం రెంటినీ "అంచనా"లో కలిపేస్తే పాఠకులు తప్పుదారి పడతారు. మొదటిది రోగగతి సూచిక, రెండోది చికిత్సా స్పందన సూచిక అందామా?

"ప్రిడిక్ట్ చేయడం"లోని "చేయడం" అన్న క్రియ మీద కూడా పట్టింపు ఉంది. ఇది ఇప్పటికే మామూలుగా జరుగుతోందన్నట్టు వినిపిస్తుంది. రొమ్ము క్యాన్సర్‌లో 21 జన్యువుల పరీక్ష ఆసుపత్రుల్లో వాడుకలో ఉంది. సర్వైకల్‌లో ఆ స్థాయికి ఏదీ రాలేదు. స్టేజి, గడ్డ సైజు, లింఫ్ గ్రంథులు చూసే చికిత్స నిర్ణయిస్తున్నారు. ఇటీవలి సరళులు చాలావరకు టీసీజీఏ అనే ఒకే అమెరికా క్యాన్సర్ జన్యు డేటా నుంచి పుట్టినవి. రొమ్ము క్యాన్సర్ సరళులు 47 తీసుకుని 2011లో పరీక్షిస్తే, 28 సరళులు గుడ్డిగా ఏరిన జన్యువుల కంటే చెప్పుకోదగ్గ మెరుగ్గా లేవని తేలింది. అందుకని నా వాక్యం ఇది:

"గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో జన్యు సరళిని బట్టి రోగగతిని అంచనా వేసే ప్రయత్నాలు."

పైన చెప్పిన ఆక్సిజన్ చాలని స్థితికి, అంటే హైపాక్సియాకి, "ప్రాణవాయు లేమి" అని రాస్తున్నాను. ఇంతకంటే తేలికైన మాట ఎవరికైనా తడితే చెప్పండి.