1960ల బ్రిటిష్ గిటార్ బృందాలు: సొంత సొత్తు ఎంత, అరువు ఎంత?

ఆరు తీగలు (చర్చ ప్రారంభం)

1960లలో బ్రిటన్ నుంచి వచ్చిన గిటార్ బృందాలన్నీ అమెరికాలోని నల్లజాతివారి బ్లూస్ అనే సంగీతాన్ని తీసుకొని అమ్ముకున్నవేనని, సంగీతానికి వారు కొత్తగా చేర్చినది ఏమీ లేదని గత వారం ఇక్కడ ఒక సభ్యులు ఒక్క వాక్యంలో తేల్చేశారు. తొందరపడి జవాబివ్వడం ఇష్టం లేక ఇన్ని రోజులు ఆగాను.

అరువు తెచ్చుకున్నారన్నది నిజం, అరువుతోనే ఆగిపోయారన్నది నిజం కాదు. 1964లో ఉత్తర లండన్‌లోని మస్వెల్ హిల్ కుర్రాడు డేవ్ డేవిస్, పదిహేడేళ్ల వయసులో, తన చిన్న యాంప్లిఫయర్‌లోని స్పీకరు కాగితాన్ని బ్లేడుతో కోసి, దాని శబ్దాన్ని పెద్ద యాంప్లిఫయర్‌లోకి పంపాడు. ఆ గరగర శబ్దంతో కింక్స్ బృందం రికార్డు చేసిన 'యూ రియల్లీ గాట్ మీ' ఆ సెప్టెంబరులో బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. ఆ తరువాత వచ్చిన హార్డ్ రాక్‌కూ, పంక్‌కూ ఆ చిన్న రిఫ్‌లో, అంటే మళ్లీ మళ్లీ వచ్చే ఆ గిటారు పలుకులో, వేరు ఉంది. పద్నాలుగేళ్ల తరువాత, 1978లో, అమెరికా బృందం వాన్ హేలెన్ తన మొదటి సింగిల్‌గా ఎంచుకున్నది కూడా ఆ పాటనే.

ఇదే కింక్స్‌ను 1965 నుంచి దాదాపు నాలుగేళ్ల పాటు అమెరికాలో కచేరీలు చేయనివ్వలేదు. పెద్ద మార్కెట్టు మూసుకుపోయాక డేవ్ అన్న, ఆ బృందానికి పాటలు రాసే రే డేవిస్ తన ఊరి వీధులను, రైలు స్టేషన్లను, ఆదివారపు టీలను పాటల్లోకి తెచ్చుకున్నాడు. 1967 నాటి 'వాటర్లూ సన్‌సెట్' వినండి, అందులో బ్లూస్ పుట్టిన మిసిసిపీ ఎక్కడా కనిపించదు. అది థేమ్స్ ఒడ్డు పాట. దాన్ని కూడా ఎంగిలి అనగలరా?

డప్పు దరువు

ఆ ఒక్క వాక్యం రాసినది నేనే. ఇప్పుడు వివరంగా రాస్తాను.

రోలింగ్ స్టోన్స్‌కు ఆ పేరు అమెరికా నల్లజాతి బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ పాట నుంచి వచ్చింది. 1964లో వచ్చిన వారి మొదటి ఆల్బమ్‌లో బృంద సభ్యులు జాగర్, రిచర్డ్స్ ఇద్దరూ కలిసి రాసిన పాట ఒక్కటే. తక్కినవాటిలో అత్యధికం అమెరికా నుంచి తెచ్చుకున్నవే. ఆ ఏడాది డిసెంబరులో వారిని మొదటి స్థానంలో నిలబెట్టిన 'లిటిల్ రెడ్ రూస్టర్' అమెరికా బ్లూస్ రచయిత విల్లీ డిక్సన్ రాసినది. వారు కనీసం రచయిత పేరు వేశారు.

లెడ్ జెపెలిన్ సంగతి చూడండి. 1969లో వచ్చిన 'హోల్ లాటా లవ్' పాటలో, డిక్సన్ రాయగా 1962లో మడ్డీ వాటర్స్ పాడిన 'యూ నీడ్ లవ్' మాటలు వినిపిస్తాయి, కాని రికార్డు మీద డిక్సన్ పేరు లేదు. ఆ పోలికను పసిగట్టి తండ్రికి చెప్పినది ఆయన కూతురు. 1985లో ఆయన దావా వేస్తే 1987లో కోర్టు బయట రాజీ కుదిరింది. అప్పటికి ఆ పాట వచ్చి పద్దెనిమిదేళ్లు. ఆ పద్దెనిమిదేళ్లలో ఆ పాట ఎవరి ఇంటికి ఎంత సంపాదించి పెట్టిందో ఆలోచించండి.

వారసత్వం అనే మాట వాడేముందు, ఆ ఆస్తి ఎవరిదో తేలాలి.

వాల్వు రేడియో

చర్చ మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. ఆరు తీగలు గారు రాసిన స్పీకరు విషయంలో ఒక సవరణ అవసరం. నేను నలభై ఏళ్లుగా రేడియోలు, మైకు సెట్లు బాగుచేస్తున్నాను.

స్పీకరును చెడగొట్టి శబ్దం రాబట్టడం డేవ్ డేవిస్‌తో మొదలు కాలేదు. 1958లో అమెరికా గిటారిస్టు లింక్ రే 'రంబుల్' అనే వాద్య సంగీతం కోసం స్పీకరు కాగితానికి పెన్సిలుతో బొక్కలు పెట్టాడు. అంతకు ముందు, 1951లో మెంఫిస్‌లో రికార్డు చేసిన 'రాకెట్ 88'లోని గిటారు గరగరకు దెబ్బతిన్న యాంప్లిఫయర్ కారణమని చెబుతారు. కాబట్టి బ్లేడు కథను ప్రారంభంగా చూపించడం సరికాదు.

ఇంకొకటి. చిరిగిన కాగితపు శబ్దమూ, వాల్వు మీద భారం పెరిగినప్పటి శబ్దమూ ఒకటి కావు. వాల్వుకు మోయలేనంత సంకేతం అందితే తరంగం శిఖరాలు తెగి చదునవుతాయి, దానివల్ల అసలు స్వరంలో లేని పై స్వరాలు పుడతాయి. చిరిగిన స్పీకరు కాగితంలో అయితే చీలిన ముక్కలు దేనికది విడిగా అదురుతాయి. మా ఊరి గుడి మైకులో ఎలుక కొరికిన స్పీకరు సుప్రభాతాన్ని ఎలా మార్చిందో విన్నవారికి ఈ తేడా వెంటనే తెలుస్తుంది.

మాంచెస్టర్ వాన

మాంచెస్టర్‌లో నేను ఉండే చోటికి దగ్గరలోనే పాత విల్‌బ్రహమ్ రోడ్ రైలు స్టేషన్ ఉండేది. 1964 మేలో ఆ మూతపడిన స్టేషన్‌లో టీవీ కోసం కచేరీ జరిగింది, అమెరికా నల్లజాతి గాయని సిస్టర్ రొజెట్టా థార్ప్ తడిసిన ప్లాట్‌ఫారం మీద నిలబడి ఎలక్ట్రిక్ గిటారు వాయించారు, ఎదుటి ప్లాట్‌ఫారం మీద బ్రిటిష్ కుర్రకారు కూర్చొని విన్నది. ఆ రైలు మార్గం ఇప్పుడు సైకిలు బాట.

ఆరు తీగలు

మాంచెస్టర్ వాన గారు చెప్పినది నా వాదనకే బలం. మూతపడిన స్టేషన్‌లో కూర్చొని అంత శ్రద్ధగా విన్నవారిని దొంగలు అనడం న్యాయం కాదు. 1965లో అమెరికా టీవీ కార్యక్రమం 'షిండిగ్'కు స్టోన్స్‌ను పిలిచినప్పుడు, అమెరికా బ్లూస్ గాయకుడు హౌలిన్ వుల్ఫ్‌ను కూడా పిలవాలని వారు పట్టుబట్టారు. ఆయన పాడుతుంటే వారు ఆయన పాదాల దగ్గర కూర్చున్నారు. తన దేశపు తెల్ల కుటుంబాల ఇళ్లలోకి అంత పెద్ద కళాకారుడు ఆ విధంగా వెళ్లడానికి లండన్ కుర్రవాళ్లు దారి వేశారు. డిక్సన్, మడ్డీ వాటర్స్ తమ పాటల డబ్బు కోసం 1970లలో అమెరికాలో తమ పాటలను ప్రచురించే సంస్థ ఆర్క్ మ్యూజిక్ మీదనే దావా వేయవలసి వచ్చిందని కూడా గుర్తుంచుకోవాలి. అన్యాయానికి చిరునామా ఒక్క లండన్ కాదు.

వాల్వు రేడియో గారూ, మీరు చెప్పిన లింక్ రే విషయం సరైనదే. మొదటివాడు అని నేను రాయలేదు, వేరు ఉందని రాశాను. మీ రంగం నుంచే ఒక ఉదాహరణ ఇస్తాను. 1962లో లండన్ పశ్చిమాన హాన్‌వెల్‌లో దుకాణం నడిపే జిమ్ మార్షల్, అమెరికా యాంప్లిఫయర్లు ఖరీదు కావడంతో, అమెరికా యాంప్లిఫయర్ ఫెండర్ బాస్‌మన్ సర్క్యూట్‌ను దగ్గర పెట్టుకొని తన మనుషులతో ఇక్కడి విడిభాగాలు వాడి ఒకటి తయారు చేయించాడు. అది నకలు. కాని ట్రాన్స్‌ఫార్మరు వేరు, స్పీకరు వేరు, పెట్టె వేరు కావడంతో ధ్వని వేరుగా వచ్చింది. తరువాత 'ది హూ' గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ ఇంకా పెద్ద శబ్దం కావాలని అడగడంతో వంద వాట్ల మార్షల్ పుట్టింది. దాన్ని నకలు అని ఎవరైనా అంటారా? నకలుగా మొదలైనది వాయించేవారి చేతిలో సొంతమైపోవచ్చు.

వాల్వు రేడియో

సర్క్యూటు పటం దాదాపు అదే కాబట్టి అది నకలే. ధ్వని మారడం విడిభాగాల వల్ల జరిగినది, వాయించేవారి ప్రతిభ వల్ల కాదు. అలాగే 'వేరు ఉంది' అన్నా 'మొదలు' అన్నా అర్థం ఒక్కటే కనుక లింక్ రే గురించి నేను రాసిన సవరణ అలాగే నిలుస్తుంది.

కృష్ణ ఒడ్డు

ఇంతమంది ఇన్ని రాశారు గాని బీటిల్స్ పేరు ఒక్కరూ ఎత్తలేదు. 1964 ఫిబ్రవరి 9న 7 కోట్ల 30 లక్షల మంది అమెరికన్లు టీవీలో చూసినది వారినే.

డప్పు దరువు

పాదాల దగ్గర కూర్చున్నారని రాసి చేతులు దులుపుకోవడం నాకు బాధ కలిగించింది. పాదాల దగ్గర కూర్చోవడానికి ఖర్చేమీ కాదు. రికార్డు అట్ట మీద పేరు వేయడానికి ఖర్చవుతుంది, ఎందుకంటే పేరు వెంట డబ్బు వెళుతుంది.

మీరు మెచ్చుకునే కింక్స్ గురించే ఒక మాట. 1965 జనవరిలో ఆస్ట్రేలియాకు వెళుతూ వారు బొంబాయిలో ఆగారు. తెల్లవారుజామున సముద్రం ఒడ్డున జాలరులు పనికి వెళుతూ పాడుతున్న పాట రే డేవిస్ చెవిన పడింది. ఆ ఏడాది జులైలో 'సీ మై ఫ్రెండ్స్' వచ్చింది. పాట పొడవునా ఒకే శ్రుతి మన తంబురాలాగా మోగుతూ ఉంటుంది. బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హారిసన్ సితారు పట్టిన 'నార్వేజియన్ వుడ్' కంటే కొన్ని నెలల ముందే పాశ్చాత్య పాప్‌లోకి భారతదేశం వచ్చిందని పుస్తకాలు రాస్తాయి. వచ్చినది భారతదేశమట. మనుషులు కారట. ఆ జాలరులలో ఒక్కరి పేరైనా ఎక్కడైనా చదివారా?

ఒకరి గొంతును వాడుకొని దాన్ని ప్రభావం అని పిలవడం చదువుకున్నవారికి చాలా సులభం. ఆరు తీగలు గారికి ఇది ఎందుకు కనపడదో నాకు అర్థం కావడం లేదు. బహుశా ఎప్పుడూ తీసుకునేవారి వైపునే ఉన్నారేమో.

ఆరు తీగలు

ఈ ఆఖరి వాక్యం మీరు రాయకుండా ఉండవలసింది. నా జీవితం గురించి మీకేమి తెలుసు? గిటారు పట్టిన ప్రతివాడినీ దొంగల వరసలో నిలబెట్టి, తీర్పు మీరే చెప్పి, చర్చ అంటున్నారు. తంబురా శ్రుతి ఏ జాలరి సొంత ఆస్తి కాదు, ఏ గిటారిస్టు సొంత ఆస్తీ కాదు. అలాంటి లెక్క మొదలుపెడితే ఈ భూమి మీద ఎవరూ నోరు విప్పి పాడలేరు.

నిర్వాహకులు

సభ్యులు ఒకరి వ్యక్తిగత జీవితం గురించి ఒకరు ఊహలు రాయవద్దని మనవి. విషయం మీదనే ఉండండి, లేకపోతే చర్చను మూసివేయవలసి వస్తుంది.

డప్పు దరువు

ఆ వాక్యానికి ఆరు తీగలు గారిని క్షమాపణ అడుగుతున్నాను. అది ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి.

మా నాన్న వరంగల్ జిల్లాలో డప్పు వాయిస్తూ పాటలు కట్టేవారు. నా పదేళ్ల వయసులో టేపు రికార్డరు భుజాన వేసుకొని ఇద్దరు వచ్చారు. మా వాకిట్లో వేపచెట్టు కింద నాన్న రెండు గంటలు పాడారు. మధ్యలో కోడి కూస్తే ఆపి మళ్లీ పాడించుకున్నారు. మా అమ్మ వారికి అన్నం పెట్టింది. వెళుతూ యాభై రూపాయలు నాన్న చేతిలో పెట్టారు. రెండేళ్ల తరువాత బస్టాండు హోటల్లో నాన్న పాట క్యాసెట్టులో వినిపించింది, వేరే గొంతుతో, కీబోర్డుతో. నేను అట్ట తీసుకొని చదివాను. 'రచన: జానపదం' అని ఉంది, దాని కింద 'సేకరణ' అని ఆ ఇద్దరిలో ఒకరి పేరు ఉంది. నాన్నకు చదువు రాదు. ఏం రాశారమ్మా అని అడిగితే నేను అబద్ధం చెప్పాను, నీ పేరే ఉంది నాన్నా అన్నాను.

డిక్సన్ కూతురి సంగతి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఆ అమ్మాయి తండ్రికి నిజం చెప్పగలిగింది.

ఆ బృందాలు బాగా వాయించలేదని నేను అనడం లేదు. బాగా వాయించారు కాబట్టే అసలువారి పేర్లు చెరిగిపోయాయి అంటున్నాను.

ఆరు తీగలు

అమ్మా, మీరు రాసినది రెండుసార్లు చదివాను. నేను కూడా నా వైపు దాచుకున్నది చెప్పాలి.

1979 నుంచి విశాఖపట్నంలో పెళ్లి ఆర్కెస్ట్రాలలో, హోటళ్లలో గిటారు వాయించాను. ఇంట్లో మా పెదనాన్న, సభల్లో పెద్దలు, చివరికి మా ఆర్కెస్ట్రా హార్మోనిస్టు కూడా నా వాయిద్యాన్ని తెల్లవాడి ఎంగిలి అన్నారు. ఆ తెల్లవాడు కూడా మరొకరి ఎంగిలే తిన్నాడని మీరు రాసినప్పుడు, నలభై ఏళ్ల నా పని ఎంగిలికి ఎంగిలి అయిపోయిందనిపించింది. రే డేవిస్ అరువు భాషలో తన ఊరి గురించి పాడగలిగాడన్న ఒక్క విషయాన్ని పట్టుకొని నేను ఇన్నేళ్లు వాయించాను. అందుకే అంత గట్టిగా రాశాను.

ఒక్కరి పేరైనా చదివారా అన్న మీ ప్రశ్నకు సమాధానంగా ఒకటి ఒప్పుకోవాలి. ప్రతి శనివారం హోటల్లో 'క్రాస్‌రోడ్స్' వాయించేవాణ్ని. 1968లో శాన్‌ఫ్రాన్సిస్కో కచేరీలో బ్రిటిష్ బృందం క్రీమ్ వాయించినట్టే, దాని గిటారిస్టు క్లాప్టన్ సోలోను స్వరం పొల్లుపోకుండా నేర్చుకున్నాను. మైకులో ఎరిక్ క్లాప్టన్ పాట అని చెప్పేవాణ్ని. ఆ రికార్డు మీద రచయితగా రాబర్ట్ జాన్సన్ పేరు అచ్చై ఉంది. 1936లో టెక్సాస్‌లో ఆ పాట రికార్డు చేసి, రెండేళ్లకే ఇరవై ఏడేళ్ల వయసులో పోయిన మనిషి. క్లాప్టన్ ఆ పేరు దాచలేదు. చదివి కూడా చెప్పనిది నేను.

అయినా ఆ సోలో క్లాప్టన్‌దే, జాన్సన్‌ది కాదు. జాన్సన్ ఒంటరిగా, ఒక్క గిటారుతో, ఎవరో తరుముతున్నట్టు పాడాడు. క్రీమ్ ముగ్గురు దాన్ని పరుగెత్తే రిఫ్‌గా మార్చారు. ఈ మార్పుకు విలువ లేదంటే నేను ఇప్పటికీ ఒప్పుకోను.

వాల్వు రేడియో

డప్పు దరువు గారూ, మీ నాన్నగారి సొంత గొంతు ఉన్న టేపు ఏదైనా మిగిలి ఉంటే, అది బూజు పట్టినా, తెగినా పంపించండి. నేను అతికి, శుభ్రం చేసి ఇస్తాను.

డప్పు దరువు

మా బావ రికార్డు చేసిన క్యాసెట్టు ఒకటి ఉంది, వాల్వు రేడియో గారూ. మీకు విడిగా రాస్తాను.

ఆరు తీగలు గారూ, క్రీమ్‌ను, లెడ్ జెపెలిన్‌ను నేను ఒకే మూటలో కట్టడం తప్పు. ఒకరు పేరు వేశారు, ఒకరు వేయలేదు. 'ఐ యామ్ సో గ్లాడ్' పాటకు క్రీమ్ నుంచి వచ్చిన సొమ్ము, అసలు గాయకుడు స్కిప్ జేమ్స్‌కు చివరి రోజుల్లో ఆసుపత్రి ఖర్చులకు పనికి వచ్చిందని చదివాను. ఆ తేడా నా మొదటి వాక్యంలో లేదు, ఆ వాక్యాన్ని వెనక్కి తీసుకుంటున్నాను.

బొంబాయి ఒడ్డు విషయంలో మాత్రం మీతో ఏకీభవించలేను. శ్రుతి ఎవరి ఆస్తీ కాదన్నారు. ఆ ఉదయం పాడినది శ్రుతి కాదు, వలలు మోసుకుంటూ పనికి వెళుతున్న మనుషులు. అరవై ఏళ్లుగా ఆ కథను ప్రతివారూ 'జాలరులు' అన్న ఒక్క మాటతోనే చెబుతున్నారు, నేను కూడా పైన అలాగే రాశాను.